తుఫానును కవులు ఎప్పుడూ కోపంగానే ఎందుకు చూపిస్తారు?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై):
2016 డిసెంబరు 12న వర్దా తుఫాను మన నగరాన్ని తాకినప్పుడు మా వీధిలోని పెద్ద చెట్టు వేళ్లతో సహా పెకలి ప్రహరీగోడ మీదికి ఒరిగింది. విరిగిన కొమ్మల పచ్చివాసన మర్నాడంతా పోలేదు. ఆ చెట్టు మీద గాలికి పగ ఏముంటుంది? గాలివానను వర్ణించే పద్యాల్లో మాత్రం దేవుడి ఆగ్రహమో, శత్రుసేన దాడో తప్పక కనబడుతోంది. మనిషి కోపంతో పోల్చకుండా ప్రకృతి శక్తిని చెప్పలేమా?

జవాబు (పెరంబూరు):
పోతన భాగవతం దశమస్కంధంలోని గోవర్ధన ఘట్టం మరోసారి చదవండి. తనకు చేయవలసిన యాగం మాన్పించారని ఇంద్రుడు అలిగి మేఘాలను పంపిన మాట నిజమే కానీ, వాన మొదలయ్యాక మన మనసు ఇంద్రుడి మీద నిలవదు; చలికి వణికే ఆవుల మీదికి, దూడల మీదికి, దిక్కుతోచక కృష్ణుణ్ణి శరణు వేడే గోపకుల మీదికి పోతుంది. వాన ఎంత పెద్దదో తడిసే ప్రాణులను చూస్తేనే తెలుస్తుందని నా నమ్మకం.

జవాబు (అంబత్తూరు):
శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతంలో ప్రభంజనం శత్రువు కాదు, ముందుకు కదిలే జనం అందుకోవలసిన వేగం. ఆ గీతమంటే నాకు ప్రాణం. అయినా 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తి వేలమందిని పొట్టనబెట్టుకున్న ఉప్పెనను ఆ ఉత్సాహంతో పాడలేం. దానికి శవాలను, ఉప్పునీరు నిలిచిన పొలాలను పేరుపేరునా చెప్పే నెమ్మదైన వచనకవితే తగినది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పెరంబూరు మిత్రులారా, గోవర్ధన ఘట్టాన్ని ఈ ఆదివారమే పైకి చదువుతాను; ఆవుల సంగతి నేనెన్నడూ అంత శ్రద్ధగా గమనించలేదు.