అరుదైన సీతాకోకచిలుకలకు చట్టం ఉంది, మరి వాటి మొక్కకో?

మేడమీద_తోట (కడప): మా కుండీల దగ్గరికి నల్ల రెక్కల మీద ఎర్ర చుక్కలున్న సీతాకోకచిలుక వస్తోంది. క్రిమ్సన్ రోజ్ అంటున్నారు. 1972 వన్యప్రాణి చట్టంలో పులితో పాటు దీన్నీ మొదటి షెడ్యూల్లో (ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో) పెట్టారట కదా! దీనికోసం మొక్కలు పెంచితే ఏమన్నా ఇబ్బందా?

శేషాచలం_బాట: ముందు ఒళ్లు చూడండి. ఎర్రగా ఉంటే క్రిమ్సన్ రోజే. నల్లగా ఉంటే దాని వేషం కట్టిన కామన్ మార్మన్ ఆడది, మీ కరివేపాకు మీదే పుట్టి ఉంటుంది. అసలుది ఈశ్వరి తీగ తిని ఒంట్లో విషం నింపుకుంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. చట్టం వద్దనేది పట్టుకోవడం, చంపి పిన్ను గుచ్చి దాచడం, అమ్మడం. మొక్క నాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గొంగళిపురుగుల్ని మాత్రం డబ్బాలో వేయకండి, ఆకు మీదే వదిలేయండి.

నల్లరేగడి (ఆదిలాబాద్): పట్టుకునేవాళ్ల మీద చట్టం పనిచేస్తుంది, కాదనను. 2008లో డార్జిలింగ్ దగ్గరి సింగలీలా పార్కులో కీటకాలు పట్టిన ఇద్దరు చెక్ దేశస్థులు దొరికారు, ఒకరికి మూడేళ్ల శిక్ష పడింది. మా చేలల్లో ఆ సీతాకోకచిలుక గుడ్లు పెట్టే గాడిదగడపాకు (ఈశ్వరి జాతి కలుపు మొక్క) సంగతేంటి? కలుపుమందు కొడితే పురుగుతో సహా మాడిపోతుంది. కూలిరేట్లు చూస్తే రైతు కొట్టక ఏం చేస్తాడు? ఇంకోటి, డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుక కూడా 2022 సవరణకు ముందున్న ఆ పాత మొదటి షెడ్యూల్లోదే. దాని పురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగపాయల కూర!

డాలస్_తెలుగోడు: ఇక్కడ అమెరికాలో మోనార్క్ సీతాకోకచిలుకదీ అదే గొడవ. మెక్సికోలో అవి చలికాలం గడిపే అడవిని అక్కడి ప్రభుత్వం 1986లో రక్షిత ప్రాంతం చేసింది, 2000లో 56 వేల హెక్టార్లకు పెంచింది. ఈ దేశంలోనేమో 2024 డిసెంబరులో గానీ ముప్పున్న జాతుల జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదన రాలేదు. పురుగు తినేది మిల్క్‌వీడ్, మన జిల్లేడు కుటుంబమే. నచ్చిందల్లా ఒకటి: ఐ-35 హైవే పొడవునా ఆ మొక్కలూ పూలూ పెంచాలని 2016లో ఆరు రాష్ట్రాల రవాణాశాఖలు ఒప్పందం చేసుకున్నాయి. టెక్సాస్‌లో ఉన్నవాళ్లు నర్సరీలో ఎర్ర-పసుపు పూల మిల్క్‌వీడ్ రకం కొనకండి. చలికి చావదు, ఆకుల మీద మోనార్క్‌లకు పట్టే పరాన్నజీవి పేరుకుపోతుంది.

నల్లరేగడి: రోడ్డుపక్క జాగా ఆర్ అండ్ బీ వాళ్లకూ ఉంది. మనవాళ్లు ఏడాకుల పాల చెట్లు, కాగితం పూలు వేసి సరిపెడుతున్నారు.

శేషాచలం_బాట: ఈశ్వరి గింజలు కావాల్సినవాళ్లు కాయ ఎండి తలకిందులు గొడుగులా విచ్చుకోకముందే కోసుకోండి, తర్వాత గాలికి ఎగిరిపోతాయి. పాముకాటుకు మంచిదని ఎవరన్నా చెబితే మింగకండి. ఆ విషం కిడ్నీలు పాడుచేస్తుంది.