‘త్వరణం’కు మన దిక్కు మాట ఏంది?

మా అక్క బిడ్డ తొమ్మిదో తరగతి, నల్లగొండల. మొన్న ఫిజిక్స్ లెక్క చేపిస్తుంటే “మామా, బస్సు 60 మీద పోతున్నది గద, త్వరణం బాగానే ఉంటది” అన్నది. తప్పు పిల్లది కాదు, మాటది. త్వర అంటే తొందర. త్వరగా పోయేదానికే త్వరణం ఎక్కువ అనుకోదా మరి?

నార్కట్‌పల్లి దాటినంక సాఫు రోడ్డు మీద బస్సు అదే 60ల నిలకడగా, వంకర తిరగకుండ పోయినంతసేపు త్వరణం సున్నా, ఎందుకంటే త్వరణం అంటే వేగం ఎంత జల్ది మారుతున్నదో చెప్పేది. బస్‌స్టాండుల కదిలేటప్పుడు సీటు మన వీపును ముందుకు నూకుతది సూడుండ్రి, త్వరణం ఉన్నది అప్పుడు.

బలంతోని పరేషాన్ లేదు. “నూకుడు, గుంజుడు” అంటే అయిపాయె. త్వరణాన్ని మాత్రం ‘ఊపందుకునుడు’ అని చెప్పిన. వడ్ల బస్తాల బండితోని లెక్క కట్టిపిచ్చిన: 40 కిలోల బస్తాలు రెండు, బండి 20, మొత్తం 100 కిలోలు. ఘర్షణ పోను 50 న్యూటన్లు మిగిలితే, 50ని 100తోని భాగించాలె, 0.5. అంటే సెకను సెకనుకూ వేగం అర మీటరు చొప్పున ఎక్కుతది. నిలబడ్డ బండి 4 సెకన్లకు సెకనుకు 2 మీటర్లు అందుకుంటది. ఇంకో రెండు బస్తాలు ఎక్కియ్యంగనే, అవే 50 న్యూటన్లకు 0.28కి పడిపాయె. “బండి మొండికేసింది మామా” అన్నది. జడత్వానికి ఇంతకన్న మంచి మాట నాకైతే దొరకలె.

ఊపు సరిపోతదా, చెప్పుండ్రి.

జవాబు, పాలమూరు నుంచి:
అన్నా, బ్రేకు కొట్టినప్పుడు ఏమంటవ్? అప్పుడూ త్వరణం ఉంటది, ఎదురు దిక్కుకు. పుస్తకంల రుణత్వరణం అంటరు. ‘ఊపు తగ్గింది’ అంటే వేగం తగ్గిందనే వినిపిస్తది. ఇంకోటి, ఊపుల బరువు కూడ కలిసే ఉంటది. ఊపు మీదున్న సైకిల్‌ను చేత్తో ఆపుతం, అదే వేగంతోని వచ్చే వడ్ల ట్రాక్టర్‌కు పక్కకు జరుగుతం. నీ ఊపు ద్రవ్యవేగానికి, అంటే ద్రవ్యరాశిని వేగంతోని గుణిస్తే వచ్చేదానికి, దగ్గర మాట.

మళ్ల నేను:
ట్రాక్టర్ మాట ఖరారు, తమ్మీ. ఊపును ద్రవ్యవేగానికే ఇడిసిపెడుత. పిల్లకు ‘వేగం మారుడు’ అనే చెప్త, ఎక్కినా దిగినా. ద్రవ్యరాశిని, అంటే వస్తువుల పదార్థం ఎంతున్నదో దాన్ని, పిల్ల మాత్రం ఇంకా వజన్ అనే అంటున్నది, చంద్రుని మీద గూడ బస్తా 40 కిలోలే తూగుతదా అని అడిగింది. తక్కెడల తూగుతది, స్ప్రింగు కాంటల ఏడు కిలోలు కూడ సూపియ్యదు. వజన్ సంగతి రేపు కొట్లాడుదం.