అప్‌డేట్: డైనింగ్ టేబుల్‌కి టేకే ఖాయం చేశాం

డైనింగ్ టేబుల్‌కి టేకా, వేపా, పాలిష్ ఏది మంచిది అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. టేకే తీసుకున్నాం. తిరుపతి టింబర్ డిపోలో మా వడ్రంగి ఆచారి పలకల చివర్లు చూపించారు: ముదురు గోధుమ రంగులో చేవ (మాను లోపలి గట్టి చెక్క), అంచున పాలిపోయిన తెల్లచెక్క. టేకైనా సరే, ఆ తెల్లచెక్కకి పురుగు పడుతుంది. అంతా తీయించేశాం.

పాలిష్ పీయూ మ్యాట్, అంటే మెరుపు లేని పాలీయురేథేన్ పూత. లక్క పాలిష్ అందంగానే ఉంటుంది కానీ వేడి గిన్నె పెడితే తెల్లమచ్చ పడుతుంది. రోజూ రసం గిన్నె దిగే టేబుల్‌కి అది పనికిరాదు. కోటుకీ కోటుకీ మధ్య 320 నంబరు ఉప్పుకాగితం పట్టారు. టేబుల్ అడుగువైపు కూడా తప్పకుండా పాలిష్ కొట్టించండి. మన దగ్గర మే ఎండకి చెక్క కుంచించుకుపోతుంది, నవంబరు వానలకి ఉబ్బుతుంది. ఒక్కవైపే పూస్తే పలక వంగొచ్చు.