600 డాలర్లలో గన్ సేఫ్: ఒకటే పెద్దదా, రెండు చిన్నవా?

ఫ్రిస్కో_వాసి
అందరికీ నమస్తే. మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పోయినేడాది గ్రీన్ కార్డు వచ్చింది. ఈమధ్య మా కమ్యూనిటీలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. రెండూ మనవాళ్ల ఇళ్లే. టీవీలు, లాప్‌టాప్‌లు ముట్టుకోలేదు, బంగారం మాత్రం ఊడ్చుకుపోయారు. ఆ టెన్షన్‌లో ఒక పిస్టల్, ఒక షాట్‌గన్ తీసుకున్నాను. ఇప్పుడు వాటిని ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇంట్లో రోజూ పంచాయితీ. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు.

బడ్జెట్ 600 డాలర్లు, మహా అయితే 700. రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, 550కి వస్తున్న ఫైర్ రేటెడ్ (మంటల్ని కాసేపు తట్టుకుంటుందని చెప్పే) సేఫ్. 24 గన్నులు పడతాయని దాని మీద రాసుంది. బంగారం, పాస్‌పోర్టులు కూడా అందులోనే పెట్టేద్దామని మా ఆవిడ మాట. రెండోది, షాట్‌గన్‌కి 180 డాలర్ల పలచటి స్టీల్ క్యాబినెట్, పిస్టల్‌కి బెడ్‌రూమ్‌లో విడిగా చిన్న బాక్స్. ఏది మేలంటారు?

ఇనుప_తలుపు
మొదటిదే అన్నా, ఆలోచించకు. ఆ 180 డాలర్ల క్యాబినెట్ అంటే అమ్మమ్మగారింటి బీరువా లాంటిదే, అంతకన్నా పలచన. చాలావాటికి 18 గేజ్ రేకు వాడతారు, అంటే 1.2 మిల్లీమీటర్లు. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది, ఇది తెలియక చాలామంది తిరగేసి చదువుతారు. 14 గేజ్ సుమారు 1.9 మి.మీ., 12 గేజ్ 2.7, 10 గేజ్ 3.4. కాలిఫోర్నియా రాష్ట్రం గన్ సేఫ్ అని ఒప్పుకోవాలంటే ఒంటి గోడకి కనీసం 12 గేజ్ ఉండాలి, అర అంగుళం మందం బోల్టులు కనీసం మూడుండాలి.

కొనేటప్పుడు తలుపు లోపల యూఎల్ (వస్తువుల భద్రతని పరీక్షించే సంస్థ) వాళ్ల ఆర్‌ఎస్‌సీ లేబుల్ ఉందేమో చూడు, ఇళ్లలో వాడే సేఫ్ దొంగని ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు అది. మొదటి లెవెల్ అంటే, ఒక మనిషి సుత్తి, స్క్రూడ్రైవర్, 18 అంగుళాల లోపు రాడ్డు లాంటి చేతి పనిముట్లతో ఐదు నిమిషాలు కుస్తీ పట్టినా తలుపు తెరుచుకోకూడదు. ఇంట్లో జొరబడ్డవాడికి ఐదు నిమిషాలు తక్కువేం కాదు.

ఆస్టిన్_శ్రీను
లెక్కలు బాగున్నాయి గానీ ఆయన అడిగిన 550 డాలర్ల సేఫ్‌కి 12 గేజ్ ఎక్కడిది? ఆ ధరలో ఎక్కువ భాగం 14 గేజే, దానికి లోపల కార్పెట్, బయట మెరిసే పెయింట్. పైగా 24 గన్నులన్నది కంపెనీల లెక్క. స్కోపులున్న రైఫిళ్లు పెడితే అందులో సగం పడితే గొప్ప.

నా ప్రశ్న ఒక్కటే. మీరు ఎవర్ని ఆపాలనుకుంటున్నారు? పిల్లల్నా, దొంగనా? తొమ్మిదేళ్ల పిల్లాడి చేతిలో రాడ్డూ సుత్తీ ఉండవు. వాడికి కావలసింది తాళం వెయ్యని తలుపు, లేదా నాన్న కోడ్ నొక్కుతుండగా చూసే అవకాశం. అంతే. కాబట్టి పిల్లల కోసం అయితే రేకు మందం గురించి వాదన అనవసరం, తాళం సరిగ్గా ఉంటే చాలు. టెక్సస్ చట్టం కూడా అదే అడుగుతుంది. 17 ఏళ్ల లోపు వాళ్లకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే నేరం. తాళం వేసిన పెట్టెలో పెట్టినా, ట్రిగ్గర్ లాక్ వేసినా జాగ్రత్త తీసుకున్నట్టే. పిల్లాడు కాల్చి ఎవరికైనా ప్రాణం పోయినా, పెద్ద గాయమైనా అది క్లాస్ ఏ కేసు అవుతుంది. ఏడాది దాకా జైలు.

ఇంకోటి. పిస్టల్ ఎందుకు కొన్నారు? రాత్రి ఎవరైనా చొరబడితే అని కదా. అది గ్యారేజీలో ఉన్న పెద్ద సేఫ్‌లో, పెళ్లి నగల వెనకాల ఉంటే ఇక దేనికి?

లావణ్య_హ్యూస్టన్
ఆడవాళ్ల తరఫున ఒక మాట. ఆ బంగారాన్ని ఈ లెక్కలోంచి ముందు తీసేయండి. గన్నూ బంగారమూ ఒకేచోట పెడితే శ్రావణ శుక్రవారానికి హారం తియ్యాలన్నా, పెళ్లికి వడ్డాణం తియ్యాలన్నా గన్ ఉన్న తలుపు తెరవాలి. పక్కనే పిల్లలుంటారు, చుట్టాలుంటారు. కోడ్ అందరి నోళ్లలో పడుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. మామూలు హోమ్ ఓనర్స్ పాలసీలో దొంగతనం జరిగితే నగలన్నిటికీ కలిపి 1500 డాలర్లు, గన్నులకి 2500, చాలా పాలసీల్లో ఇదే పరిమితి. అంతకుమించి కావాలంటే వస్తువుల్ని విడిగా రాయించి ప్రీమియం కట్టాలి. 1500 డాలర్లకి మన ఇళ్లలో ఒక జత గాజులు కూడా రావు. రోజువారీ వేసుకునేవి తప్ప మిగతావి బ్యాంకు లాకర్‌లో పెట్టండి. అయితే లాకర్‌లో పెట్టినంత మాత్రాన బ్యాంకు ఇన్సూరెన్స్ వర్తించదు, అది డిపాజిట్లకే. పాలసీలో మీరే రాయించుకోవాలి.

ఫైర్ రేటింగ్ గురించి కూడా రాసేస్తా, ఎలాగూ ఎవరో అడుగుతారు. ఆ గోడల్లో ఉండేది చాలావరకు జిప్సం బోర్డు, మన ఇంటి గోడలకి వాడేదే. జిప్సం బరువులో దాదాపు ఐదో వంతు నీరుంటుంది. మంటల్లో అది ఆవిరై లోపలి వేడి తొందరగా పెరగకుండా ఆపుతుంది. సూత్రం మంచిదే. కానీ చవక సేఫుల మీద "30 నిమిషాలు", "45 నిమిషాలు" అని ఉండేవి ఎక్కువగా కంపెనీ సొంతంగా చేయించుకున్న పరీక్షలు, ఒకరి లెక్కకీ ఇంకొకరి లెక్కకీ పోలిక కుదరదు. యూఎల్ 72, అంటే మంటల పరీక్షకి యూఎల్ వాళ్లు పెట్టిన ప్రమాణం, ఆ లేబుల్ ఉంటే వేరే సంగతి. పాస్‌పోర్టుల కోసమే అయితే యూఎల్ గుర్తున్న చిన్న ఫైర్ బాక్స్ వంద డాలర్ల లోపే వస్తుంది. మా హ్యూస్టన్ ఉక్కకి ఆ జిప్సం తేమ పట్టేసి గన్ తుప్పు పడుతుంది, అందుకు తేమ పీల్చే సిలికా జెల్ డబ్బా ఖర్చు అదనం.

ఇనుప_తలుపు
లావణ్యక్కా, బంగారం సంగతి ఒప్పుకున్నా. కానీ దొంగ షాట్‌గన్ ఎత్తుకుపోతే? నీ పేరు మీద కొన్న గన్ రేపు ఏ నేరంలో తేలుతుందో ఎవరికి తెలుసు. శ్రీను అన్న దొంగని లెక్కలోంచే తీసేశాడు.

ఆస్టిన్_శ్రీను
తీసెయ్యలేదు తమ్ముడూ. 230 పౌండ్ల సేఫ్‌ని నేలకి బిగించకుండా వదిలేస్తే ఇద్దరు మనుషులు డాలీ (చక్రాల బండి) మీద తోసుకుపోతారు, తీరిగ్గా ఎక్కడో తెరుచుకుంటారు. బిగించిన 100 పౌండ్ల క్యాబినెట్ అంతకన్నా నయం. అసలు చర్చ బిగింపు గురించి జరగాలి. 550 సేఫ్‌కే పోస్తే బిగించడానికి డబ్బు మిగలదు.

స్లాబ్_మేస్త్రి
బిగించాలి అంటున్నారు గానీ ఎక్కడికి బిగిస్తారో ఒక్కరూ చెప్పలేదు. నేను డాలస్ చుట్టుపక్కల ఇళ్ల కన్‌స్ట్రక్షన్‌లోనే పని చేస్తాను, అందుకే కలగజేసుకుంటున్నా.

ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు కొత్త ఇళ్లలో ఎక్కువ భాగం పోస్ట్ టెన్షన్ స్లాబ్. స్లాబ్ అంటే ఇక్కడ పైకప్పు కాదు, ఇంటి కిందుండే కాంక్రీటు నేల. ఇక్కడి బంకమట్టి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. అందుకని కాంక్రీటులో స్టీలు కేబుళ్లు వేసి, జాక్‌తో లాగి, బిగువుగా ఉంచుతారు. ఒక్కో కేబుల్ మీద వేల పౌండ్ల లాగుడు ఉంటుంది. చాలా ఇళ్లలో గ్యారేజీ నేల మీద అచ్చు వేసి ఉంటుంది, స్లాబ్‌ని కొయ్యొద్దు, తొలచొద్దు అని. సేఫ్‌తో వచ్చిన పొడవాటి యాంకర్ బోల్టులకి వీకెండ్‌లో డ్రిల్లు అద్దెకి తెచ్చి నాలుగంగుళాలు తొలిస్తే, కేబుల్ తగిలితే మనిషికి ప్రమాదం. స్లాబ్ రిపేరు బిల్లు చూస్తే సేఫ్ ధర గుర్తే రాదు.

కాబట్టి వరసగా చెప్తా. ముందు గ్యారేజీలో ఆ గుర్తుందేమో చూడండి, బిల్డర్‌ని అడగండి. స్లాబ్‌కే బిగించాలనుకుంటే కాంక్రీట్ స్కాన్ చేసేవాళ్లని పిలిచి కేబుళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించుకోండి, ఆ ఖర్చు మీ బడ్జెట్‌లో పెద్ద ముక్కే తినేస్తుంది. అది వద్దంటే క్లాజెట్ (బట్టల గది) మూలలో గోడ లోపల నిలువుగా ఉండే చెక్క స్టడ్స్‌కి లావాటి ల్యాగ్ స్క్రూలు వెయ్యండి, కనీసం రెండు స్టడ్స్‌కి. ఉత్త డ్రైవాల్‌కి (జిప్సం బోర్డు గోడకి) మేకులు కొట్టి అదే బిగింపు అనుకోవద్దు. ఇక తలుపు తెరుచుకునే వైపు గోడకి దగ్గరగా ఉండేలా మూలలో నిలబెడితే రాడ్డు పెట్టి పెకలించడానికి చోటుండదు. వెల్లకిలా పడెయ్యగలిగితే ఎంత మంచి సేఫైనా సగం ఓడినట్టే, మనిషి మొత్తం బరువు రాడ్డు మీద పడుతుంది.

గ్యారేజీలో మాత్రం పెట్టకండి. తలుపు తెరిచి కారు తీసేటప్పుడల్లా వీధిలో వాళ్లందరికీ అది కనిపిస్తుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
మీ చర్చ చదువుతుంటే నవ్వొస్తోంది. మాకిక్కడ లైసెన్స్ రావడమే గగనం. వచ్చినా ఎన్నికలొస్తే చాలామందికి స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమని నోటీసు వస్తుంది. ఉచిత సేఫ్, ప్రభుత్వ కాపలా.

ఫ్రిస్కో_వాసి
హహ. స్లాబ్_మేస్త్రి గారూ, వెళ్లి చూశాను, మా గ్యారేజీలో ఆ గుర్తు ఉంది! ఇన్నాళ్లూ దాని మీదే షూ స్టాండ్ ఉంది. సరే, పిస్టల్ బాక్స్ అయితే వేలిముద్రదా, కోడ్‌దా, తాళంచెవిదా?

లావణ్య_హ్యూస్టన్
చవక వేలిముద్ర బాక్సులు వద్దు. 2023 అక్టోబర్‌లో ఫోర్ట్రెస్ సేఫ్ కంపెనీ బయోమెట్రిక్ సేఫులు దాదాపు 61,000 రీకాల్ చేశారు. ఓనర్ వేలిముద్ర నమోదు చేసుకునేదాకా, అంటే ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో ఉన్నంతసేపు, ఏ వేలు పెట్టినా తెరుచుకునేవి. 12 ఏళ్ల పిల్లాడి మరణానికి సంబంధించిన కేసు కూడా అందులో ఉంది. తర్వాత 2024లో ఇంకొన్ని బ్రాండ్లవి కూడా వెనక్కి పిలిచారు. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌వి ఇప్పటికీ తిరుగుతుంటాయి, మోడల్ నంబర్ చూసుకోండి.

ఆస్టిన్_శ్రీను
నా ఓటు సింప్లెక్స్ రకం మెకానికల్ బటన్ లాక్‌కి. ఐదు బటన్లు, బ్యాటరీ లేదు, చీకట్లో తడుముకుంటూ కూడా తియ్యొచ్చు. ఫోర్ట్ నాక్స్ పిస్టల్ బాక్స్ 10 గేజ్ స్టీల్‌తో వస్తుంది, ధర 300 చుట్టూ. అంటే ఇనుప_తలుపు తమ్ముడి మందం కోరిక కూడా తీరింది. క్యాబినెట్ 180 కలుపుకుంటే 480. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి గన్ సేఫులకీ లాక్‌బాక్సులకీ సేల్స్ ట్యాక్స్ లేదు. లేకపోతే 8.25 శాతం, 600 మీద దాదాపు 50 డాలర్లు పడేది. బిల్లులో ట్యాక్స్ వేస్తే అడగండి. ఆ మిగిలింది స్క్రూలకి.

ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే గన్ భద్రతా కార్యక్రమం వాళ్ల కేబుల్ లాకులు (గన్‌లోంచి దూర్చి వేసే తీగ తాళాలు) చాలాచోట్ల పోలీస్ స్టేషన్‌లో ఉచితంగా ఇస్తారు. షాట్‌గన్‌కి అది కూడా వెయ్యండి, తూటాలు వేరేచోట తాళం వేసి పెట్టండి.

ఇనుప_తలుపు
పెద్ద సేఫ్ ఎలక్ట్రానిక్ లాక్‌కి కంపెనీ దగ్గర ఇంకో కోడ్ ఉండొచ్చు, అది నేనూ ఒప్పుకుంటా. 2023లో లిబర్టీ సేఫ్ అనే కంపెనీ ఒక కస్టమర్ సేఫ్ కోడ్‌ని ఎఫ్‌బీఐకి ఇచ్చిందని తెలిసి అప్పట్లో పెద్ద గొడవే అయింది. వారెంట్ ఉంది నిజమే, కానీ కోడ్ వాళ్ల దగ్గర ఉందని చాలామంది ఓనర్లకి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత తమ కోడ్ రికార్డు తీసేయమని అడిగే వీలు కల్పించారు. అందుకే నేను డయల్ లాకే అంటాను.

ఇర్వింగ్_బ్యాచిలర్
అన్నలూ, నేను హెచ్‌1బీ మీద ఉన్నా. నేనూ ఒకటి తీసుకోవచ్చా? రూమ్మేట్‌కి గ్రీన్ కార్డు ఉంది, వాడి సేఫ్‌లో పెట్టుకుంటా.

లావణ్య_హ్యూస్టన్
వద్దు బాబూ! నాన్ ఇమిగ్రెంట్, అంటే హెచ్‌1బీ, విజిటర్ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి జోలికి లాయర్‌ని అడక్కుండా పోకు. వాడి సేఫ్ కోడ్ కూడా నీకు తెలియకుండా ఉంటేనే మంచిది, చేతికందేలా ఉన్నా దగ్గరున్నట్టే అని వాదించే అవకాశం ఉంది.

ఫ్రిస్కో అన్నయ్యా, ఇది మీకు కూడా. ఇండియా నుంచి అత్తయ్యగారో మామయ్యగారో విజిటర్ వీసా మీద వస్తే వాళ్లకి ఆ కోడ్ చెప్పకండి. "అవసరానికి పనికొస్తుంది" అని చెప్పేసేవాళ్లు చాలామంది ఉన్నారు. బంగారం అందులో పెట్టొద్దని నేను మొత్తుకున్నది ఇందుకు కూడా.

ఫ్రిస్కో_వాసి
అమ్మానాన్న వచ్చే నెలే వస్తున్నారు. ఈ కోణం తట్టలేదు. మా ఆవిడకి మీ పోస్టులన్నీ చదివించాను. నగలు లాకర్‌కి, పిస్టల్‌కి బటన్ లాక్ బాక్స్, షాట్‌గన్‌కి క్యాబినెట్. మాస్టర్ క్లాజెట్ మూలలో స్టడ్స్‌కి బిగిస్తాం. ఇనుప_తలుపు తమ్ముడూ, ఏమనుకోకు.

ఇనుప_తలుపు
అనుకోవడానికేముంది అన్నా, పిస్టల్ వరకు ఓకే. షాట్‌గన్‌కి ఆ రేకు డబ్బా విషయంలో మాత్రం నేను మారను. ఒక పని చెయ్, క్యాబినెట్ కొనడం ఒక్క నెల ఆపు. అప్పటిదాకా షాట్‌గన్‌కి కేబుల్ లాక్ వేసి తూటాలు పిస్టల్ బాక్స్‌లో పెట్టు. ఇల్లు మారేవాళ్లు ఆర్‌ఎస్‌సీ లేబుల్ ఉన్న 12 గేజ్ సేఫులు, మోసుకెళ్లలేక సగం ధరకి అమ్మేస్తుంటారు. ఈ వైపు కనపడితే నీకు పంపిస్తా. తెచ్చుకున్నాక లాక్‌స్మిత్‌ని పిలిచి కాంబినేషన్ మార్పించు, పాత ఓనర్ నంబర్‌తో ఒక్క రాత్రి కూడా వాడకు. మొయ్యడానికి మనుషులు కావాలంటే శనివారం నేను ఖాళీ.