డిస్పర్సెంట్ (చమురు తెట్టును సన్నటి బిందువులుగా విడగొట్టే రసాయనం) చల్లితే చమురును బ్యాక్టీరియా తొందరగా తింటుందా, మానేస్తుందా?

ఉప్పుటేరు:
2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలినప్పుడు కోరెక్సిట్ అనే డిస్పర్సెంట్ దాదాపు 18 లక్షల గ్యాలన్లు వాడారు. అందులో 7.7 లక్షలు 1,500 మీటర్ల లోతున, బావి మూతి దగ్గరే పంపారు. తెట్టు సన్నటి బిందువులుగా విడిపోతే బ్యాక్టీరియాకు తేలికని పుస్తకాల్లో ఉంటుంది. 2015లో జార్జియా విశ్వవిద్యాలయ బృందం అక్కడి లోతు నీటితోనే చేసిన పరీక్షలో మాత్రం, డిస్పర్సెంట్ పడేసరికి కోల్‌వెలియా అనే బ్యాక్టీరియా పెరిగింది, చమురు తినే మారినోబ్యాక్టర్ తగ్గింది, చమురు విచ్ఛిన్నమూ వేగం పుంజుకోలేదు. ఏది నమ్మాలి? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు లీటరుకు 10 మి.గ్రా. చమురు వేసి, సీసా నిండా సముద్రపు నీళ్లు పోసి, 5 డిగ్రీల దగ్గర 14 రోజులు ఉంచి మొత్తం హైడ్రోకార్బన్లు కొలుద్దామనుకుంటున్నాను. సరిపోతుందా అండీ?

నత్తగుల్ల:
నిండా పోస్తే మొదటి వారంలోనే దెబ్బతింటారు. ఒక మి.గ్రా. చమురు పూర్తిగా ఆక్సీకరణం చెందాలంటే సుమారు 3.4 మి.గ్రా. ఆక్సిజన్ కావాలి. 5 డిగ్రీల ఉప్పునీళ్లలో ఎంత కరిగినా లీటరుకు 10 మి.గ్రా. చిల్లరే. అంటే మూడు మి.గ్రా. చమురుకే అయిపోతుంది, నింద డిస్పర్సెంట్ మీద పడుతుంది. 250 మి.లీ. సీసాలో 100 మి.లీ. నీళ్లే పోయండి, మిగతాది గాలి.

నైట్రోజన్ లెక్కా అంతే. చమురు కార్బన్‌లో సగం బ్యాక్టీరియా కణాలుగా మారిందనుకుంటే మి.గ్రా.కు 0.08 మి.గ్రా. నైట్రోజన్ కావాలి. అక్కడి లోతు నీటిలో నైట్రేట్ రూపంలో లీటరుకు ఉన్నది సుమారు 0.4 మి.గ్రా., అంటే 5 మి.గ్రా. చమురుకు మించి చాలదు. పై నీటిలోనైతే దాదాపు శూన్యం. అలాగని పోషకాలు దండిగా ఉండే మాధ్యమం పోస్తే అది సముద్రం కాదు, కుండీ. చమురునే 2 మి.గ్రా.కు తగ్గించండి.

కెరటం:
రెండు ఫలితాలకీ పొంతన కుదరక పోదు. 1 మి.మీ. బిందువును 50 మైక్రాన్ల బిందువులు చేస్తే 8,000 అవుతాయి, ఉపరితలం 20 రెట్లు. తెరిచిన సముద్రంలో అవి చెదిరిపోయి గాఢత పడిపోతుంది, దగ్గర్లోని పోషకాలు సరిపోతాయి. సీసాలో ఎక్కడికి పోతాయి? పైగా డిస్పర్సెంట్ కూడా తిండే. దాని మీదే బతకగలిగే జాతులు ముందు పెరిగి ఉన్న నైట్రోజన్ మింగేస్తాయి. బిందువు చుట్టూ చేరిన సర్ఫాక్టెంట్ (డిస్పర్సెంట్‌లోని సబ్బులాంటి పదార్థం) కొన్ని బ్యాక్టీరియాను అంటుకోనివ్వదు కూడా. కాబట్టి జార్జియా ఫలితం తప్పు కాదు, దాన్ని ఉన్నపళంగా సముద్రమంతటికీ అతికించడమే తప్పు.

నత్తగుల్ల:
అసలు కొలతలోనే పెద్ద మోసం ఉంది. కోరెక్సిట్ 9500లో ద్రావకం కిరోసిన్ లాంటిదే, కనుక మొత్తం హైడ్రోకార్బన్లు కొలిస్తే అదీ చమురు లెక్కలోకొస్తుంది. జీసీ-ఎమ్మెస్‌లో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి గుర్తించే పరికరం) ఒక్కో పదార్థాన్ని, ముడిచమురులోనే ఉండే హోపేన్‌తో భాగించి చూడండి. హోపేన్‌ను బ్యాక్టీరియా అంత త్వరగా ముట్టదు, డిస్పర్సెంట్‌లో అది ఉండదు. మొదటి రోజు నిష్పత్తితో పోల్చితే ఎంత మిగిలిందో వస్తుంది.

సీసాలు ఐదు రకాలు: నీళ్లు మాత్రమే, చమురు, డిస్పర్సెంట్ మాత్రమే, రెండూ (చమురు 20 పాళ్లకు డిస్పర్సెంట్ 1), ఆ రెండూ వేసి మెర్క్యురిక్ క్లోరైడ్‌తో బ్యాక్టీరియాను చంపినవి. ఒక్కో రకానికి, కొలిచే ఒక్కో రోజుకి మూడు సీసాలు. నమూనా కొంచెం పైపెట్‌తో తీయకండి, చమురు గాజుకి పట్టుకునే ఉంటుంది. సీసా మొత్తాన్నీ డైక్లోరోమీథేన్ అనే ద్రావకంతో కడిగి తీయాలి, ఆ సీసా ఇక అయిపోయినట్టే.

కెరటం:
ఒక్కమాట, ముడిచమురే వాడండి. ఫర్నేస్ ఆయిల్ వద్దు. చిక్కటిది, నీళ్లు కలిసి ముద్దయ్యాక డిస్పర్సెంట్ లోపలికే వెళ్లదు. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకొచ్చిన మడ్డిని బకెట్లతో తోడాల్సి వచ్చింది.

ఉప్పుటేరు:
2 మి.గ్రా. అంటే 100 మి.లీ.కి 0.2 మి.గ్రా. అంత కొంచెం ఎలా వేయాలండీ, పైపెట్ చివరే అంటుకుపోతుందేమో?

నత్తగుల్ల:
అంటుకుపోతుంది. లీటరు సీసాల్లో 400 మి.లీ. నీళ్లతో చేయండి, అప్పుడు 0.8 మి.గ్రా., అంటే మైక్రోలీటరు దరిదాపు. పైపెట్ కాదు, గాజు మైక్రోసిరంజీ. చమురు, డిస్పర్సెంట్ ముందే కలిపి ఉంచుకుని ఆ మిశ్రమాన్నే వేయాలి.