ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు: ఫ్యాక్టరీ ప్యానెళ్లతో కడితే నిజంగా చవకా?

పల్నాడు_కుర్రాడు:
సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో నాలుగు సెంట్ల స్థలం ఉంది. పాత పెంకుటిల్లు తీసేసి రెండు బెడ్‌రూముల ఇల్లు కట్టించాలి. నల్లరేగడి నేల. ఆర్కిటెక్టుతో ప్లాన్ గీయించి జీఎఫ్‌ఆర్‌జీ ప్యానెళ్లు (ఫ్యాక్టరీలో గాజు పీచు, జిప్సంతో పోసిన గోడ పలకలు) వాడితే బాగా మిగులుతుందని వీడియోల్లో చెబుతున్నారు. మా మేస్త్రీ ఏమో "అట్టముక్కలతో ఇల్లేంటి బాబూ" అంటున్నాడు. నాన్న ఆయన వైపే. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఆర్కిటెక్టు ఫీజు దండగేనా?

సైటింజనీరు:
అట్టముక్క కాదు తమ్ముడూ. ఎరువుల ఫ్యాక్టరీల్లో గుట్టలుగా మిగిలిపోయే ఫాస్ఫోజిప్సంలో గాజు పీచు కలిపి పోస్తారు. పూర్తి ప్యానెల్ 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 124 మిల్లీమీటర్ల మందం. లోపలంతా బోలు. ఆ బోలు గదుల్లో కడ్డీలు దించి కాంక్రీటు పోస్తే ఇక విడిగా పిల్లర్లు అక్కర్లేదు. మద్రాసు ఐఐటీ వాళ్లు 2013లో క్యాంపస్‌లోనే నాలుగు ఫ్లాట్ల రెండంతస్తుల ఇల్లు, పునాది పోగా నెల రోజుల్లో లేపారు. నెల్లూరులో కేంద్ర సంస్థ బీఎంటీపీసీ ఇదే పద్ధతిలో 36 ఇళ్లు కట్టించింది. మీ నాన్నగారిని తీసుకెళ్లి గోడ తట్టి చూడమనండి, మేస్త్రీని కూడా.

కానీ ఒక్క ఇంటికి చవకంటే నేను ఒప్పుకోను. ప్యానెళ్లు ఎక్కడో దూరాన ఉన్న ఫ్యాక్టరీ నుంచి రావాలి. ట్రైలర్ కిరాయి, నిలబెట్టడానికి క్రేన్, పని తెలిసిన మనుషులు. అసలు మీ ఊరి సందులో ఆ బండి తిరుగుతుందా? కాలనీ మొత్తానికైతే ఈ ఖర్చు ఇంటికింత అని పంచుకోవచ్చు. ఒక్కరే కట్టుకుంటే గోడల్లో మిగిలింది దారిఖర్చుకే సరి.

గోడ తేలిక కదా, పునాది తగ్గిద్దాం అని ఎవరన్నా అంటే వినొద్దు. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల మీది. మట్టి పరీక్ష చేయించి, పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వెయ్యమంటే వెయ్యాల్సిందే.

ఇంకోటి. తలుపులకూ కిటికీలకూ ఖాళీలు డ్రాయింగు చూసి ఫ్యాక్టరీలోనే కోస్తారు. ఒక సైట్లో ప్యానెళ్లన్నీ నిలబడ్డాక సిద్ధాంతిగారు వచ్చి సింహద్వారం మూడడుగులు పక్కకు జరపమన్నారు. ఇటుక గోడైతే పగలగొట్టి మళ్లీ కట్టేవాళ్లం. వాస్తు చూపించుకోవాలంటే డ్రాయింగు మీద సంతకం పెట్టకముందే చూపించుకోండి.

గీతలమ్మ:
నేను ఆర్కిటెక్టుని, కాబట్టి ఫీజు దండగ అనను లెండి! మాడ్యులర్ అంటే, అంటే ఒకే కొలత ముక్కలతో లెక్కగా కట్టడమంటే, ఫ్యాక్టరీ గోడే అయ్యుండక్కర్లేదు. మీ దగ్గర దొరికే ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంటు బ్లాకు) 600 మిల్లీమీటర్ల పొడవు. మామూలు ఫ్లోర్ టైలూ అంతే. ప్లాస్టరింగు మందం పోగా గది లోపల 3.6 మీటర్లు మిగిలేలా గీస్తే ఆరు టైళ్లు కోతలేకుండా పడతాయి, బ్లాకుల్లోనూ ముక్కలు తక్కువ. వంటిల్లు, బాత్రూమ్ ఒకే గోడకు ఇటూ అటూ పెడితే పైపులు తగ్గుతాయి. ఇందోర్‌లో బాలకృష్ణ దోషి డిజైన్ చేసిన అరణ్య కాలనీలో పేద కుటుంబాలకు మొదట ఇంటి పునాది, నీళ్ల వసతులున్న చిన్న భాగం ఇచ్చారు. మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా వాళ్లే పెంచుకున్నారు. మీరూ మెట్లు బయటి నుంచి పెట్టించుకోండి. పైన వేసే రోజు కింద అమ్మవాళ్లకు ఇబ్బంది ఉండదు.

పల్నాడు_కుర్రాడు:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. రేటు సంగతి తెలిసింది కాబట్టి బ్లాకుల వైపే మొగ్గుతున్నాం. తెలుసుకుందామని అడుగుతున్నా, ఆ ప్యానెల్ గోడకు గీజరు లాంటి బరువులు బిగిస్తే ఆగుతాయా?

సైటింజనీరు:
కాంక్రీటు పోసిన చోట ఆగుతాయి. ప్యానెల్ లోపలి బోలు గదులన్నింట్లోనూ కాంక్రీటు పొయ్యరు, బరువు మొయ్యనక్కర్లేని వాటిని క్వారీ డస్టులో (రాతి పొడిలో) కాస్త సిమెంటు కలిపి నింపేస్తారు. గీజరు, టీవీ, ఏసీ ఎక్కడొస్తాయో ముందే గుర్తు పెట్టిస్తే అక్కడ కాంక్రీటు పడేలా చూస్తాం.