డెబ్బై శాతం తెలిస్తే చాలా? ఆఫీసు నిర్ణయాల్లో నాన్చుడు మీద చర్చ

గడియారం:
అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ 2016 సంవత్సరపు వాటాదారుల లేఖలో, కావాలనుకున్న సమాచారంలో దాదాపు 70 శాతం చేతికొస్తే చాలా నిర్ణయాలు తీసేసుకోవచ్చని, 90 శాతం దాకా ఆగితే చాలాసార్లు ఆలస్యమైనట్టేనని రాశారు. నాదీ అదే మాట. ఇంకో రిపోర్టు, ఇంకో మీటింగు అనే ముందు ఒక్కటి అడగండి: ఇందులో ఏం తేలితే నా ఎంపిక మారుతుంది? ఏం తేలినా మారదంటే ఆ రిపోర్టు అక్కర్లేదు.

తూకంరాయి:
ఆ ప్రశ్న బాగుంది. 70 శాతం మాత్రం ఒప్పుకోనండీ. తెలియనిది ఎంతుందో తెలియకుండా శాతం ఎలా కడతాం? చూడాల్సింది వెనక్కి మళ్లడానికయ్యే ఖర్చు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాలనుకోండి. వద్దనుకుంటే మళ్లీ పాతదానికి రావడానికి ఎన్ని పనిదినాలు, ఎంత డబ్బు? వారంలో సర్దుకోగలిగితే ఇవాళే తేల్చేయండి. నెలలు పట్టేదైతే ఆగండి, కానీ ఊరికే ఆగొద్దు. 200 పాత బిల్లులు కొత్తదాంట్లోకి ఎక్కించి మొత్తాలు, పన్నులు, తేదీలు ఒక్కొక్కటిగా సరిచూడండి. తేలికైనవే ఏరుకుంటే అన్నీ సరిపోయినట్టే కనిపిస్తాయి. రద్దయినవి, సగం డబ్బే జమైనవి, సరుకు వెనక్కొచ్చినవి అందులో ఉండి తీరాలి. లెక్క తప్పేది ఎక్కువగా వాటి దగ్గరే.

కొత్తచిగురు:
37 శాతం సూత్రం వాడకూడదా? పది కంపెనీలు వస్తే మొదటి మూడు నాలుగు చూసి వదిలేసి, ఆ తర్వాత వాటిని మించింది రాగానే ఖాయం చేసుకోవడం?

తూకంరాయి:
ఒక్కొక్కటే వస్తూ, వదిలేసింది మళ్లీ దొరకని చోట పనికొచ్చే లెక్క అది. మీ కొటేషన్లన్నీ బల్ల మీదే ఉంటాయి కదా. పైగా పద్ధతి తు.చ. తప్పకుండా పాటించినా అన్నిటికన్నా మంచిది చిక్కే అవకాశం సుమారు 37 శాతమే. దానికన్నా ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ చెప్పిన ‘శాటిస్‌ఫైసింగ్’ నయం. తప్పనిసరి షరతులు నాలుగైదు ముందే రాసుకుని, అన్నీ దాటిన మొదటిదాన్ని తీసుకోవడమే. కొటేషన్లు చూశాక షరతులు రాస్తే మనసుకు నచ్చినదానికి కొలతలు తీసినట్టవుతుంది.

నిలకడ:
ఇద్దరూ నిర్ణయం తీసుకోవడం దగ్గరే ఆగారు. తీసుకున్నదాన్ని ప్రతి సోమవారం మళ్లీ తవ్వడం అంతకన్నా పెద్ద రోగం. దానికి ఒక్క పేజీ కాగితం చాలు: ఏం ఎంచుకున్నాం, ఏవి ఎందుకు కాదన్నాం, చివరి మాట ఎవరిది, మళ్లీ ఏ తేదీన చూస్తాం, ఏం జరిగితే ఆ తేదీకి ముందే చూస్తాం. చివరిది అంకెల్లో ఉండాలి. ‘సరిగ్గా పనిచేయకపోతే’ అని రాస్తే రోజుకో అర్థం తీస్తారు. ‘వరుసగా రెండు వారాలు నూటికి మూడు బిల్లులు తప్పితే’ అని రాస్తే వాదన ఉండదు.

సంతకానికి ముందు మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన ‘ప్రీమార్టమ్’ కూడా చేయించండి, అంటే చెడిపోయిందనుకుని కారణాలు ముందే వెతకడం. ‘ఏడాది గడిచింది, ఇది ఘోరంగా చెడింది, ఎందుకు?’ అని అందరికీ పది నిమిషాలిచ్చి ఎవరికి వారిని రాయమనండి. పైవాళ్ల కాగితం చివర్లో చదవాలి. ముందే చదివితే కిందివాళ్లు నోరు మెదపరు.

ఇక పాత సాఫ్ట్‌వేర్‌ను తేదీ పెట్టి ఆపేయాలి. రెండూ నడిస్తే జనం అలవాటైనదాంట్లోనే ఎక్కిస్తారు, నెలాఖరుకు ఏ మొత్తం నిజమో తేలదు.

గడియారం:
నేను తొందరవాదినే, అయినా ఇది ప్రమాదం. కొత్తది కూలితే బిల్లులెలా?

నిలకడ:
తీసేయమనడం లేదండీ. పాతదాంట్లో కొత్తగా ఎక్కించే వీలు ఆపి, చూసే వీలు ఉంచండి. మళ్లీ తెరిచే అధికారం ఒక్కరికే ఇచ్చి, ఆ పేరు కూడా కాగితం మీద రాయండి. నెల ముగింపు మధ్యలో మాత్రం మార్చకండి. లెక్కలు మూసిన మర్నాడు మొదలుపెడితే, కొత్తదాంట్లోకి తేవాల్సింది ఖాతాల నిల్వలూ, ఇంకా డబ్బు రాని బిల్లులే.

తూకంరాయి:
దీనికి ఒప్పుకుంటాను. 70 శాతానికి మాత్రం ఇంకా ఒప్పుకోను.